దబ్బనంతో కుట్టిన నవలలు

పాత ట్రంకుపెట్టెల్లో పట్టుచీరల అడుగున, జాతకాల కట్ట పక్కన, ఒకప్పుడు ఇంకో వస్తువు కూడా ఉండేది. చందమామల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, నెలల వరసలో పేర్చి, దబ్బనంతో పొడిచి గట్టి దారంతో కుట్టిన పుస్తకం. అట్టగా ఏదో ఒక చందమామ ముఖచిత్రమే అతికించేవాళ్ళు. మైదాపిండి జిగురు వాసన, బొద్దింకలు కొరికిన అంచులు. నలభై దాటిన మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరిళ్ళల్లో ఇంకా ఉండి ఉంటుంది కూడా, ఒకసారి అటక మీద వెతకండి.

ఆ పుస్తకాల మీద రాసినాయన పేరు ఉండేది కాదు. అసలు పత్రికలోనే ఉండేది కాదు కదా, కుట్టినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం... ఈ పేర్లు వినగానే మన అమ్మల వయసు వాళ్ళ మొహాలు వెలుగుతాయి. ఎవరు రాశారని అడగండి, "చందమామలో వచ్చేది" అంటారు. అంతే. అన్నం ఎవరు వండారంటే "ఇంట్లో వండింది" అన్నట్టు.

రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1932లో పుట్టారు, తెనాలి వైపు మనిషి. మా అమ్మ పుట్టింది దివిసీమలో. అక్కణ్ణించి కృష్ణ దాటితే రేపల్లె, ఇంకాస్త పోతే తెనాలి. ఇప్పుడైతే పులిగడ్డ దగ్గర వారధి ఉంది గానీ అప్పుడు పడవ మీదే దాటాలి. అంటే మా అమ్మని చిన్నప్పుడు నిద్రపోనివ్వకుండా చేసిన మాంత్రికుల్ని పుట్టించినాయన ఏటికి అవతలి ఒడ్డు మనిషేనన్నమాట. ఆ సంగతి అమ్మకి నలభై ఏళ్ళ తరువాత నేను చెప్తే తెలిసింది. "ఏదో మద్రాసులో పెద్ద పంతులుగారు రాస్తారనుకున్నామే" అంది.

మద్రాసు మాట నిజమే. 1952లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆయన చందమామ సంపాదక వర్గంలో చేరారు. 2006 దాకా అక్కడే ఉన్నారు. యాభై నాలుగేళ్ళు ఒకే పత్రికలో! చందమామ పెట్టింది నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు, 1947 జులైలో. సంపాదకత్వం చూసింది కొడవటిగంటి కుటుంబరావు గారు. బొమ్మలు 'చిత్ర' అని సంతకం చేసే రాఘవన్ గారివి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 1978 దాకా దాసరి వారు పన్నెండు సీరియల్ నవలలు రాశారు. తెలుగులో రాసినవి తమిళం, కన్నడం, హిందీ, ఇంకా ఎన్నో భాషల చందమామల్లోకి వెళ్ళాయి. ఎక్కడో ఉత్తరాదిలో ఒక పిల్లవాడు సమరసేనుడి కోసం పోస్టుమాన్ దారి చూశాడంటే, దాని వెనక వడపళని ఆఫీసులో కూర్చుని నెలకింత అని కాగితాలు నింపిన మనిషి ఉన్నాడు. ఆ కాగితాలకి నెల జీతం తప్ప పేరు లేదు.

ఈ పని ఎలాంటిదో నేను చాలాసార్లు ఆలోచించాను. నవల అంటే మనం ఏమనుకుంటాం? రచయిత ఒక చోట కూర్చుని మొదటి నుంచి చివరి దాకా రాస్తాడు, నచ్చకపోతే చింపేస్తాడు, మళ్ళీ రాస్తాడు, చివరికి అచ్చుకి ఇస్తాడు. నెలనెలా సీరియల్ రాసేవాళ్ళకి ఆ సుఖం లేదు. జనవరిలో అచ్చయిన ముక్కని ఆగస్టులో దిద్దలేరు. ఒక్క కన్ను ఉన్నవాడు ఏకాక్షి, నాలుగు కళ్ళవాడు చతుర్నేత్రుడు అని ఒకసారి అచ్చయిపోయాక అదంతే. మంత్రదండం ఒక చోట పోగొట్టారంటే అది ఎక్కడుందో రెండేళ్ళు గుర్తుంచుకోవాలి. లేకపోతే ఎక్కడో ఒక ఊళ్ళో పదేళ్ళ పిల్ల పట్టుకుంటుంది. పేజీలు ఇన్నేనని లెక్క. బొమ్మకి ఇంత చోటు వదలాలి. ఏ నెలకా నెల చివర ఎవరో ఒకరు లోయ అంచున వేలాడుతూ ఉండాలి. మళ్ళీ నెల మొదట్లో బ్రాకెట్లలో నాలుగు వాక్యాలు, కిందటి నెల ఏం జరిగిందో. ఆ నాలుగు వాక్యాలు రాయడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఊరినించి వచ్చిన మా వారికి వారం రోజుల ఇంటి విశేషాలు చెప్పడానికి నాకు గంట పడుతుంది.

పైగా అది ఒక్కటే పని కాదు. పత్రిక ఆఫీసులో ఉన్నవాళ్ళకి బయటినించి వచ్చే కథలు చదవడం, బాగుచేయడం, ప్రూఫులు చూడడం ఎలాగూ తప్పదు. ఆ మధ్యలోనే ఈ రాక్షసులు, ఈ మాయా ద్వీపాలు. మనం పొయ్యి మీద పప్పు పెట్టి, బట్టలు నానబెట్టి, ఆ మధ్య దొరికిన పావుగంటలో పిల్లాడికి ఎక్కాలు చెప్పినట్టు. ఏకాంతం, ప్రశాంతత, సముద్రపు ఒడ్డున గది లాంటివి ఉంటే గానీ రాయలేమనే వాళ్ళని చూస్తే నాకు ఆయన గుర్తొస్తారు.

ఇక్కడ మా బందరు సంగతి చెప్పాలి. పుస్తకం అచ్చువేయడం ఈ ఊరికి కొత్త విద్య కాదు. కృష్ణాపత్రిక 1902 నుంచి ఇక్కడే వచ్చింది. ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఈ ఊరిదే, అదే తరువాత మనందరికీ తెలిసిన ఎమెస్కో. వాళ్ళ పాకెట్ పుస్తకాలు మన ఇళ్ళ గూళ్ళలోకి ఎంతగా వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. మొవ్వ దగ్గర కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి నవల పత్రికలో సీరియల్‌గా వస్తే, వెంటనే పుస్తకం, ఆ వెంటనే సినిమా. గుడివాడలో మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టులో ఆవిడ నవల కావాలంటే ముందు చీటీ రాయించుకోవాలి. అంటే సీరియల్ నుంచి పుస్తకానికి దారి ఉంది, బాగా నలిగిన దారే. పెద్దవాళ్ళు చదివే నవలకి ఆ దారి దొరికింది. పిల్లలు చదివే మాంత్రికుల నవలకి దొరకలేదు. పిల్లల పత్రిక చదివేసి పక్కన పడేసేదే కదా అనుకున్నారో ఏమో. ఒక్కో నవలా రెండేసేళ్ళు వచ్చేది, నిండు పుస్తకానికి సరిపడా ఉండేది. అయినా రాసినాయన బల్ల మీద నుంచి పుస్తకాల కొట్టు దాకా రావడానికి వాటికి దశాబ్దాలు పట్టింది. ఆయన 2010 జనవరిలో విజయవాడలో పోయారు. చాలామంది పాఠకులకి ఆయన పేరు తెలిసింది కూడా ఆ చివరి రోజుల్లోనే.

నేను బి.ఏ. తెలుగు చదివింది బందరులోనే. విశ్వనాథ సత్యనారాయణ గారి గురించి మాకు చాలానే చెప్పారు. చెప్పాలి కూడా, ఆయన చదివిందీ కొన్నాళ్ళు పాఠాలు చెప్పిందీ ఈ ఊళ్ళోనే. వేయిపడగలు ఇరవై తొమ్మిది రోజుల్లో ఆయన చెప్తూ ఉంటే తమ్ముడు రాసిపెట్టారని క్లాసులో వింటే నోళ్ళు తెరిచాం. కానీ ఆయనే 'హాహా హూహూ' అని, గుర్రం మొహం ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్లో వచ్చి పడితే ఏమవుతుందో రాశారని మాకెవరూ చెప్పలేదు. డిగ్రీ అయ్యాక నేనే దొరికించుకుని చదివాను, పడీపడీ నవ్వాను. అంత పెద్దాయన రాసిన గంధర్వుడికే సిలబస్‌లో చోటు లేకపోతే చందమామ మాంత్రికుడికి ఎక్కడిస్తారు? నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది. మా అబ్బాయి హారీ పాటర్ ఏడు పుస్తకాలూ కొనిపించుకున్నాడు. ఆ రచయిత్రి కూడా ఆడపేరు చూస్తే మగపిల్లలు చదవరేమోనని పబ్లిషర్లు చెప్తే, పేరు బదులు పొడి అక్షరాలు వేసుకుందట. మాంత్రికుల కథలకీ పేర్లకీ ఎక్కడా పడేట్టు లేదు.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. పబ్లిషర్లు వేయని ఆ నవలల్ని ఎవరూ వేయలేదని కాదు. ఇంటింటా వేశారు. ఒక్కో ఇంట్లో ఒకే ఒక్క కాపీ. వేసినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు.

మా అమ్మమ్మ వాళ్ళది నాగాయలంక అవతల పల్లెటూరు. తాతయ్య బడిపంతులు. అమ్మమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఇంటికి చందమామ వచ్చేది. ముందు తాతయ్య, తరువాత పిల్లలు నలుగురూ, అందరి పనులూ అయ్యాక దీపం దగ్గర అమ్మమ్మ. చివరికి అందేది కాబట్టి ఎవరూ మళ్ళీ అడగరు, కాబట్టి అది తనదే. సీరియల్ అయిపోయిన ఏడాది సంక్రాంతి పనులు తెమిలాక కుట్టుపని పెట్టుకునేది. గోనెసంచులు కుట్టే దబ్బనమే. ఇందులో ఒక చిక్కుంది. సీరియల్ మొదటి పేజీ వెనక ఒక్కోసారి ఇంకో కథ ముగింపు ఉంటుంది. దీన్ని పుస్తకంలో పెడితే ఆ కథకి తోక తెగుతుంది. పిల్లలు గోల చేసేవాళ్ళట. అమ్మమ్మ ఆ ముగింపుని కాగితం ముక్క మీద రాసి, తోక తెగిన చందమామలో అన్నంమెతుకుతో అంటించేది. పిల్లలకి న్యాయం, తనకి పుస్తకం.

శిథిలాలయం కుట్టేటప్పుడు ఒక నెల లేదు. ఆ నెల చందమామ ఊరికి రానేలేదు. వర్షాలో, పడవలు ఆగాయో, అమ్మకి గుర్తులేదు. అవనిగడ్డలో అడిగించారు, దొరకలేదు. పుస్తకం మధ్యలో గండి. అప్పుడు అమ్మమ్మ ఏం చేసిందంటే, ఆ తరువాతి నెల మొదట్లో బ్రాకెట్లలో ఉన్న వాక్యాలు చూసింది. పోయిన నెల ఏం జరిగిందో అందులో ఉంది కదా. ఆ నాలుగు వాక్యాల్నీ పట్టుకుని, తాతయ్య బడి రిజిస్టర్లో మిగిలిన తెల్లకాగితాలు అడిగి తీసుకుని, ఆ నెల కథంతా తనే రాసింది. ఆరు పేజీలు. బొమ్మకి చోటు కూడా వదిలిందట, బొమ్మ వేయడం రాక అది ఖాళీగానే ఉండేదట. రాసి, వాటిని కూడా వరసలో పెట్టి కుట్టేసింది. తన పేరు రాసుకోలేదు. ఎవరి పేరూ లేని పుస్తకంలో తన పేరెందుకనుకుందేమో.

అప్పటికి అమ్మకి పదకొండేళ్ళు. తరువాత ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అచ్చుపేజీలు వచ్చాయి, చేతిరాత పేజీలు వచ్చాయి, మళ్ళీ అచ్చుపేజీలు వచ్చాయి. అంతా ఒకటే కథ.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమకి ఏం జరిగిందో మన కృష్ణాజిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఉప్పెన. వేల ప్రాణాలు. పశువులు, ఇళ్ళు, ఊళ్ళకి ఊళ్ళు. మా ఇంట్లో అమ్మమ్మ, అమ్మ చివరి తమ్ముడు. అమ్మ ఆ రాత్రి గురించి నాకు ఇంతవరకూ ఒక్క మాట చెప్పలేదు. మేం అడగలేదు కూడా. నవంబరులో గాలి తిరిగితే తలుపు గడియలు రెండుసార్లు చూస్తుంది, అంతే. కానీ పెట్టె గురించి చెప్తుంది. పెట్టెలో ఏమేమున్నాయో చెప్తుంది. అమ్మమ్మ పెళ్ళి చీర, వెండి కుంకుమభరిణె, కుట్టిన పుస్తకాలు మూడు. వాటి కుట్లు ఎలా ఉండేవో, ఏ పుస్తకానికి ఏ ముఖచిత్రం అట్టగా వేసిందో కూడా చెప్తుంది. పెట్టె దొరకలేదు.

ఆ తరువాత రెండేళ్ళకి అమ్మ పెళ్ళయి గుడివాడ వచ్చింది. నాకూ మా తమ్ముడికీ అన్నాలు పెడుతూ ఆ కథలు చెప్పేది. కరెంటు పోయిన రాత్రి శిఖిముఖి, విక్రమకేసరి మా డాబా మీదే తిరిగేవాళ్ళు. చదివి నాకు తెలిసినవి కావు అవి, విని తెలిసినవి.

కొన్నాళ్ళ కిందట ఆ నవలలు పుస్తకాలుగా దొరుకుతున్నాయని తెలిసి శిథిలాలయం తెప్పించాను. అట్ట మీద దాసరి సుబ్రహ్మణ్యం అని పేరు. ఎందుకో ఆ పేరు మీద చెయ్యి పెట్టి నిమిషంసేపు ఊరుకున్నాను. మా ఇంటి దగ్గర కోనేరు సెంటర్లో బస్సెక్కి గుడివాడ తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. అమ్మకి అరవై దాటాయి, తమ్ముడి దగ్గర ఉంటుంది. కళ్ళజోడు తుడుచుకుని, ముందు పేరు చూసింది, తరువాత బొమ్మలు చూసింది, తరువాత పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుని వీపు చూసింది. "కుట్టు లేదే, జిగురేనా?" అంది.

నాలుగు రోజుల తరువాత ఫోను.

"ఏమే, ఈ పుస్తకం వాళ్ళు సరిగ్గా వేసినట్టు లేరు."

"ఏం, పేజీలు పోయాయా?"

"పోలేదు. పడవ రేవు లేదు ఇందులో."

"పడవ రేవేమిటమ్మా?"

"రేవులో పడవవాడు నిద్రపోతుంటే ఆ పిల్ల తెడ్డు లాక్కుంటుందే, ఉప్పుటేరు పోటు మీదుందని చెప్తుందే, అది లేదు. వేరే ఏదో ఉంది."

చెప్తూ చెప్తూ ఆగిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. అడవుల్లో, కొండల్లో జరిగే కథలోకి ఉప్పుటేరు ఎక్కణ్ణించి వస్తుంది? అది అమ్మమ్మ ఊరి వెనకది. అమ్మ యాభై ఏళ్ళుగా నవలలో భాగమనుకుంటున్నది, నేను చిన్నప్పుడు అన్నం ముద్దలతో పాటు మింగింది, అమ్మమ్మ రాసిన ఆరు పేజీలు. చేతిరాత అని తెలుసు. తెలిసినా, ఎక్కడిదో చూసి రాసిందనే అమ్మ అనుకుందట ఇన్నాళ్ళూ.

"అయితే అది అమ్మదేనా" అంది ఫోనులో, నాతో అన్నట్టు కాదు.

దాసరి వారి నవలలు ఆలస్యంగానైనా బయటికి వచ్చాయి, ఆయన పేరుతో వచ్చాయి, దానికి పాత చందమామలు దాచుకున్న వాళ్ళందరికీ దణ్ణం పెట్టాలి. దాచిన ఇల్లు ఒక్కటైనా ఉంటే చాలు, అచ్చయింది మళ్ళీ అచ్చవుతుంది. చేత్తో రాసిన ఆరు పేజీలకి రెండో కాపీ ఎక్కడుంటుంది? మా అమ్మ తలలో తప్ప.

మొన్న ఆదివారం గుడివాడ వెళ్ళినప్పుడు తెల్లకాగితాల పుస్తకం తీసుకెళ్ళాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది, నేను కింద కూర్చుని రాశాను. మాటలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి, చెప్పేటప్పుడు అమ్మ గొంతు కూడా మారింది, చదివినట్టు చెప్పింది. మధ్యలో కొన్నిచోట్ల ఏమీ లేదు.

"ఇక్కడ ఏదో ఉండేది. గుర్తు రావటం లేదు. నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి, తెలుగు బి.ఏ. చదివావుగా."

"నేను రాస్తే అమ్మమ్మది ఎలా అవుతుందమ్మా?"

"ఆవిడ రాసింది మాత్రం ఆయనది అయిందా ఏమిటి? కుట్టేసింది కాబట్టి అయింది."

దానికి నాకు జవాబు తోచలేదు. గుర్తురాని చోట బొమ్మకి వదిలినట్టు ఖాళీ వదిలాను. అయిదింటికి మా తమ్ముడి పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చారు, అమ్మ లేచి పాలు పెట్టడానికి వెళ్ళింది. రెండు పేజీల పైన కొంచెం అయింది. తెడ్డు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది, పోటు తగ్గలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.